స్కూటర్ మానేసిన నాన్నను మళ్ళీ బయటికి పంపాలంటే

అడిగిన ప్రశ్న ఇది: "నాచారంలో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నాన్నకి 74, శుక్లాల ఆపరేషన్ తర్వాత స్కూటర్ మాన్పించాం. అమ్మకి 69, మోకాళ్ళ నొప్పులు. నేను పుణేలో ఉంటాను. ఎక్కడికి వెళ్ళాలన్నా ఇక్కడి నుంచి నేనే క్యాబ్ బుక్ చేస్తున్నా. అయినా కొన్ని నెలలుగా ఇద్దరూ ఇల్లు కదలడం లేదు. నాన్న చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళడం మానేశారు. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్ళింటికి వెళ్ళడం మానేసింది. హైదరాబాద్‌లో పెద్దవాళ్ళకి పనికొచ్చే రవాణా ఏముంది?"

అమ్మా, మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. "ఎక్కడికి వెళ్ళాలన్నా నేనే క్యాబ్ బుక్ చేస్తున్నా" అన్నారు చూడండి, వాళ్ళ ప్రయాణాలు ఆగింది అక్కడే. స్కూటర్ ఉన్నన్నాళ్ళూ మీ నాన్నగారు తాళంచెవి తీసుకుని బయల్దేరేవారు. ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడు లైబ్రరీకి వెళ్ళాలంటే కూతురికి ఫోన్ చేయాలి, మీటింగులో ఉందేమోనని ఆగాలి, కారొచ్చేదాకా గేటు దగ్గర నిలబడాలి. పేపర్ చదవడానికి పిల్ల డబ్బు ఇంత ఖర్చు పెట్టించాలా అని మనసులో గుంజాటన పడాలి. ఒకటి రెండుసార్లు అలా అనుకున్న మనిషి ఇక అడగడు. "ఇవాళ ఓపిక లేదులే" అంటాడు. మీరూ ఓపిక లేదనే అనుకుంటారు.

నేను సిటీ బస్సుల్లో కండక్టర్‌గా చేరి కంట్రోలర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీ సీనియర్ సిటిజన్ల సంఘం పనులు చూస్తుంటాను. బస్సు ఎక్కే పెద్దవాళ్ళను గేటు దగ్గర నిలబడి చూసినవాణ్ణి, ఇప్పుడు నేనే ఎక్కుతున్నవాణ్ణి. అందుకని ఏ బండి సుఖంగా ఉంటుంది అన్న దాని కన్నా, ఎవరినీ అడగకుండా దేంట్లో వెళ్ళిరాగలరు అన్న దాన్నే ముందు చూస్తాను. ఆస్పత్రికి, రాత్రిపూట ప్రయాణానికి, సామాన్లున్నప్పుడు మీరు బుక్ చేసే క్యాబ్ ఉండనివ్వండి. లైబ్రరీకి, పిన్ని ఇంటికి మాత్రం వాళ్ళ చేతిలో ఉండే దారి వేరే కావాలి.

మొదట ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ముక్క చూద్దాం. హైదరాబాద్‌లో మెట్రో ఉంది, బస్సులున్నాయి. పెద్దవాళ్ళు చిక్కుకునేది అవి ఎక్కే చోటికి చేరడంలో. ఫుట్‌పాత్ మీద బండ్లు, తెరిచిన డ్రైనేజీ మూతలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. నాచారం నుంచి హబ్సిగూడ మెట్రో స్టేషన్ రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. నడవమనడం తప్పు. ఆ ముక్కకి ఒక ఆటో అతన్ని ఖాతాగా కుదుర్చుకోండి. కొత్తవాళ్ళకి తెలియని కిటుకు ఒకటుంది: స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే ఆటో అతన్ని అడగండి. పొద్దున పిల్లల్ని దించేశాక సాయంత్రం బడి వదిలేదాకా అతనికి పని పలచగా ఉంటుంది. మన పెద్దవాళ్ళు బయటికెళ్ళాల్సిన టైమూ అదే, బస్సుల్లో మెట్రోలో రద్దీ తగ్గే టైమూ అదే. పైగా నలుగురు పిల్లల తల్లిదండ్రులు నమ్మి పంపిస్తున్న మనిషి, వీధి అంతా తెలిసినవాడు. వెళ్ళినా వెళ్ళకపోయినా వారానికి రెండు రోజులు మా ఇంటి దగ్గరికి రావాలి అని మాట తీసుకుని, డబ్బు నెలాఖరున మీ నాన్నగారి చేత్తోనే ఇప్పించండి. మీరు పుణే నుంచి పంపించకండి. ఆటో అతను వచ్చి హారన్ కొడితే "ఓపిక లేదు" అనడం అంత తేలిక కాదు, అదొక లాభం.

ఇక మెట్రో. హబ్సిగూడలో ఎక్కితే తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్ దాటాక నాలుగో స్టేషన్ పరేడ్ గ్రౌండ్. అక్కడ దిగి, రెండు స్టేషన్లను కలిపే నడవా మీదుగా జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) వైపు వెళ్ళి గ్రీన్ లైన్ ఎక్కాలి. మళ్ళీ టికెట్ కొనక్కర్లేదు. ఆ లైన్ జేబీఎస్‌లోనే మొదలవుతుంది కాబట్టి బండి ఖాళీగా నిలబడి ఉంటుంది, సీటు దొరుకుతుంది. అక్కడి నుంచి ఐదో స్టేషన్ చిక్కడపల్లి. మధ్యలో గాంధీ ఆస్పత్రి పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అవసరానికి గుర్తుపెట్టుకోండి. ఎండ, దుమ్ము, కుదుపు లేని ప్రయాణం. పెద్దవాళ్ళకి కేటాయించిన సీట్లలో కుర్రాళ్ళు కూర్చుని ఫోన్ చూసుకుంటుంటారు. మొహమాటపడకుండా "బాబూ, కాస్త సీటిస్తావా" అంటే చాలు, మన ఊళ్ళో లేవనివాళ్ళు తక్కువ. అడగడమే మన తరానికి నామోషీ.

మెట్రోలో చూసుకోవాల్సింది లిఫ్ట్. ప్రతి స్టేషన్‌కీ లిఫ్టులున్నాయి, కానీ ప్రతి మెట్ల దారి దగ్గరా ఉండవు. రోడ్డుకి ఏ పక్క దిగితే లిఫ్ట్ దగ్గర ఉంటుందో ముందే చూసి పెట్టుకుని, ఆటో అతనికీ అదే చోట ఆపమని చెప్పాలి. ఎస్కలేటర్ అలవాటు లేనివాళ్ళు, రెండు రకాల చూపు కలిసిన కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. కింది అద్దంలోంచి చూస్తే మెట్టు అంచు చెదిరినట్టు కనిపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకి కొత్త కళ్ళజోడు కుదురుకునేదాకా ఇది మరీ ఎక్కువ.

ఇంకొక సంగతి. మెట్రో ఎక్కకపోయినా, పెద్ద రోడ్డు దాటడానికి స్టేషన్ వాడుకోవచ్చు. ఒక పక్క లిఫ్ట్‌లో పైకెక్కి, టికెట్ గేట్ల బయటి హాల్లోంచి అవతలి పక్కకి నడిచి, ఇంకో లిఫ్ట్‌లో దిగొచ్చు. దానికి టికెట్ అవసరం లేదు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్‌కి కూడా లిఫ్టులు పెట్టారు. ఆ చౌరస్తాని కింద నుంచి దాటడం పాతికేళ్ళ కుర్రాడికే గండం.

టికెట్ కోసం మీ నాన్నగారికి మెట్రో కార్డు ఇప్పించండి. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకోవచ్చు, వాట్సాప్‌లోనూ వస్తుంది, నిజమే. కానీ గేటు దగ్గర వెనక జనం తోస్తుంటే ఫోన్ తెరవడం, వెలుతురు చాలకపోవడం, ఇదంతా పెద్దవాళ్ళకి టెన్షన్. కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది. డబ్బు అయిపోకుండా మీరు ఆన్‌లైన్‌లో వేస్తూ ఉండొచ్చు. అందులో ఆయనకి అడగాల్సిన పని ఉండదు కాబట్టి దానికి నేను అడ్డుచెప్పను.

లైబ్రరీకి పదిన్నర తర్వాత బయల్దేరి, నాలుగు లోపు తిరుగు బండి ఎక్కేలా చూసుకోమనండి. ఐదు దాటితే ఆఫీసు జనం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టేస్తారు, ఆ సంగతి మీ నాన్నగారికి మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. సాయంత్రం అక్కడే త్యాగరాయ గానసభలో ఏదైనా కార్యక్రమం ఉండి చీకటి పడితే మెట్రో వద్దు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని రావాలి. మా సంఘంలో సభలకి వెళ్ళేవాళ్ళు చేసేది ఇదే. ఖర్చు పంచుకుంటారు, ఒకరికొకరు తోడు, తిరుగు దారిలో ఆ వక్త ఏం మాట్లాడాడో చీల్చి చెండాడుకుంటూ వస్తారు. సభ కన్నా అదే బాగుంటుందని కొందరు ఒప్పుకుంటారు కూడా.

ఇప్పుడు అమ్మగారి సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌కి మెట్రో చెప్పకండి. మ్యాప్‌లో హబ్సిగూడ లైన్ చివరి స్టేషన్ నాగోల్, దిల్‌సుఖ్‌నగర్ లైన్ చివరి స్టేషన్ ఎల్బీనగర్ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఆ రెంటి మధ్య మెట్రో లైన్ లేదు. హబ్సిగూడ నుంచి పరేడ్ గ్రౌండ్ వెళ్ళి, గ్రీన్ లైన్‌లో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి, మళ్ళీ రెడ్ లైన్ మారాలి. ఊరంతా చుట్టి, రెండుచోట్ల దిగి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్న మనిషికి శిక్ష. సికింద్రాబాద్ వైపు నుంచి హబ్సిగూడ, ఉప్పల్ మీదుగా ఎల్బీనగర్ వెళ్ళే సిటీ బస్సులున్నాయి. అందులో ఎల్బీనగర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో పిన్ని ఇంటి గుమ్మం ముందే దిగాలి. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో మూడో స్టేషనే, కానీ ఆ మాత్రానికి పైకెక్కి దిగడం దండగ. మోకాళ్ళు బాగాలేనప్పుడు మారడాలు ఎన్ని తగ్గితే అంత మంచిది. పది నిమిషాలు ఎక్కువ పట్టినా సరే, నేరుగా వెళ్ళే బస్సే ఎక్కించండి.

బస్సులో ఆమెకి టికెట్ డబ్బు అక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. డీలక్స్‌లో, ఏసీ బస్సుల్లో మాత్రం టికెట్ కొనాలి. కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు, అది తీసుకుని దాచుకోవాలి, చెకింగ్ వస్తే చూపించాలి. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఇక్కడే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. నాచారంలో ముప్పై ఏళ్ళుగా ఉంటూ, ఆధార్‌లో మాత్రం ఇంకా గుంటూరో విజయనగరమో సొంతూరి అడ్రస్ ఉంచుకున్నవాళ్ళు బోలెడు మంది. అమ్మగారి కార్డు ఒకసారి చూడండి. పాత అడ్రస్ ఉంటే మార్పించండి.

ఫ్రీ అన్నది వినడానికి డబ్బు సంగతిలా ఉంటుంది. నేను చూసిందేమిటంటే, టికెట్ లేకపోయేసరికి ఆడవాళ్ళు ఎవరినీ అడగడం మానేశారు. "వంద ఇవ్వండి, అక్కింటికి వెళ్ళొస్తా" అని మొగుణ్ణి అడగాల్సిన పని పోయింది. మా కాలనీలో గుడికి తప్ప గడప దాటని పెద్దావిడలు ఇప్పుడు కోఠీకి చీరలు చూడ్డానికి వెళ్తున్నారు, కొనరు, చూసి వస్తారు. దాని వల్ల బస్సులు కిక్కిరిసిపోయాయని మగవాళ్ళ ఫిర్యాదు. అందులో నిజం ఉంది. పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య డెబ్భై దాటినవాళ్ళు ఆడైనా మగైనా సిటీ బస్సు ఎక్కకూడదనే చెప్తాను.

బస్సు ఎక్కడంలో కొన్ని మెళకువలు ఉన్నాయి. మన సిటీ బస్సుల్లో చాలావాటికి మెట్టు ఎత్తు, మొదటి మెట్టే కష్టం. ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు పైన పెట్టాలి, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు కింద పెట్టాలి. రెండు చేతులూ కడ్డీకి ఉండాలి, అంటే సంచి భుజానికి అడ్డంగా వేసుకోవాలి, చేతిలో ఏమీ ఉండకూడదు. ఆగిన బస్సు ఎక్కాలి గానీ కదులుతున్న బస్సు వెనక రెండడుగులు కూడా వేయకూడదు. కూర్చోకముందే డ్రైవర్ లాగించేస్తాడని భయం ఉంటే గేటు దగ్గరే గట్టిగా "ఆగు బాబూ, కూర్చోనీ" అనాలి. కండక్టర్లకి ఆ మాట కొత్త కాదు, విజిల్ ఆపుతారు. వెనక చక్రం దాటాక ఉండే సీట్లు వద్దు. స్పీడ్ బ్రేకర్ వస్తే అక్కడ మనిషి ఎగిరి పడతాడు, ఎముకలు పలచబడిన వయసులో నడుముకి దెబ్బ. మధ్యలో కూర్చోవాలి. దిగే స్టాపు కండక్టర్‌కి ముందే చెప్పి, బస్సు పూర్తిగా ఆగాకే లేవాలి. "దిగేవాళ్ళు ముందుకు రండి" అని అరుస్తూనే ఉంటాం, అది కుర్రాళ్ళ కోసం.

ఇద్దరూ కలిసి వెళ్ళేటప్పుడు ఒక చిన్న చిక్కు. ముందు గేటు ఆడవాళ్ళది, వెనక గేటు మగవాళ్ళది. రద్దీలో విడిపోతారు, ఒకరు దిగారో లేదో ఇంకొకరికి తెలియదు. ఎక్కకముందే దిగే స్టాపు పేరు ఇద్దరూ అనుకోవాలి, చెరొక ఫోన్ ఉండాలి, ఒకే ఫోన్ ఆయన జేబులో కాదు. బస్సు ఎక్కడుందో ఆర్టీసీ గమ్యం యాప్‌లో చూసుకోవచ్చు. అది మీరు పుణే నుంచి చూసి చెప్పినా పర్వాలేదు, ఎండలో నిలబడే సమయం తగ్గుతుంది.

ఆటో అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. ముందు సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవాలి. తల వంచి దూరబోతే కళ్ళు తిరుగుతాయి. షేర్ ఆటోలో వెనక సీటు దొరికితేనే ఎక్కాలి, డ్రైవర్ పక్కన వేలాడుతూ వద్దు. బైక్ టాక్సీ చవకే, కానీ ఈ వయసు వాళ్ళకి పనికిరాదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు, కానీ చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫాం మారాలంటే మెట్ల వంతెన ఎక్కాలి, బండ్లు కూడా తక్కువ. అమ్మగారికి వద్దు. నాన్నగారికి సరదా ఉంటే ఒక రోజు ఫలక్‌నుమా దాకా వెళ్ళి రమ్మనండి.

క్యాబ్ యాప్ వాళ్ళకి నేర్పించాలా అని మీరు అడగలేదు, అయినా చెప్తున్నా. నేర్పించండి, కానీ మొదట ఓటీపీ భయం తీర్చండి. బ్యాంకు వాళ్ళు, పోలీసు వాళ్ళు, పేపర్లు అన్నీ కలిసి "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని చెప్పి చెప్పి పెట్టాయి. ఇప్పుడు డ్రైవర్ వచ్చి "ఓటీపీ చెప్పండి" అంటే ఆయన నోరు మెదపడు. క్యాబ్ కోసం వచ్చిన ఓటీపీ బండి ఎక్కాక డ్రైవర్‌కి చెప్పాలి, బ్యాంకు మెసేజ్‌లో వచ్చింది ఎవరికీ చెప్పకూడదు అని రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించండి. మీరు బుక్ చేసేటప్పుడు ఇంకొకరి కోసం అన్నది ఎంచుకుని నాన్నగారి నంబరే ఇవ్వండి. లేకపోతే డ్రైవర్ మీకు ఫోన్ చేసి "ఎక్కడున్నారు మేడమ్" అంటాడు, మీరు పుణేలో ఉన్నానంటారు, అతను క్యాన్సిల్ చేస్తాడు. బండి నంబరు చివరి నాలుగు అంకెలు సరిచూసుకున్నాకే ఎక్కమనండి.

పిల్లలు అడగని, పెద్దవాళ్ళు చెప్పని కారణం ఇంకొకటి ఉంది, మూత్రం. బీపీకి నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళు పొద్దున పది గంటలకి బస్సు ఎక్కడానికి భయపడతారు. షుగర్ ఉన్నవాళ్ళూ అంతే. ఓపిక లేదన్న మాట వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. మాత్ర మానేయమనో టైము మార్చుకోమనో నేను చెప్పకూడదు, మీరు డాక్టర్ని అడగండి, బయటికి వెళ్ళే రోజు ఏ టైములో వేసుకోవాలో చెప్తారు. దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మెట్రో స్టేషన్లలో ఉంటాయి, చిల్లర పెట్టుకోవాలి. అమ్మగారికి ఈ విషయం మీరే, కూతురిగా, పక్కన కూర్చుని అడగండి. నాన్నగారికి చెప్పదు.

ఏప్రిల్, మే నెలల్లో పైన చెప్పిన పదిన్నర లెక్క పనికిరాదు. ఎండ మాడుస్తుంది. అప్పుడు పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా ఇంటికి రావాలి. లైబ్రరీ కుదరదు, ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల కింద నడక కుదురుతుంది. అక్కడ వాకింగ్‌కి వచ్చే రిటైరైనవాళ్ళ గుంపులు చాలానే ఉన్నాయి, వారంలో ఎవరో ఒకరు పాత ఆఫీసు వాళ్ళు తగులుతారు. వానాకాలం నీళ్ళు నిలిచిన రోజు మాత్రం ఆటో అతను వచ్చినా వెనక్కి పంపేయమనండి.

స్కూటర్ గురించి ఒక మాట. అమ్మేయడానికి తొందరపడకండి. కంటి డాక్టర్ సరేనంటే వీధి చివరి దాకా నడపొచ్చేమో ఆయన్నే అడగనివ్వండి. యాభై ఐదు దాటినవాళ్ళకి లైసెన్స్ ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. వద్దన్న మాట డాక్టర్ నోటి నుంచి వస్తే ఆయన ఒప్పుకుంటారు, మీ నోటి నుంచి వస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

ఈసారి మీరు వచ్చినప్పుడు రెండు దారులూ వాళ్ళతో కలిసి ఒకసారి వెళ్ళి రండి. చెయ్యి పట్టుకుని నడిపించొద్దు, రెండడుగులు వెనక నడవండి. కార్డు ఆయన్నే తాకించనివ్వండి, ఆటో బేరం ఆమెనే ఆడనివ్వండి. మధ్యాహ్నం దారి తప్పితే ఎవరినడగాలో వాళ్ళకి బాగానే తెలుసు, మీకే భయం. ఇద్దరి ఫోన్లలో 108 ఉండాలి, అది అంబులెన్స్. 14567 పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది, సమాచారం కోసం, గొడవల్లో సాయం కోసం.

పింఛను తీసుకునేవారైతే నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్‌కి ఇంట్లోనే ఫోన్ ముందు మొహం పెట్టి పని కానిచ్చే పద్ధతి వచ్చింది. దాన్ని నేర్పించకండి. బ్యాంకుకే వెళ్ళమనండి. ఆ లైన్‌లో ఏడాదికొకసారి కలిసే మనుషులుంటారు.

ఇల్లు నాచారంలో ఏ వైపో రాయండి. హెచ్ఎంటీ నగర్ వైపైతే హబ్సిగూడ దగ్గర, మల్లాపూర్ వైపైతే ఆటో లెక్క మారుతుంది. అమ్మగారు పట్టుకోకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో కూడా చెప్తే, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో విడిగా రాస్తాను.